మెట్ట అబ్బోడికో రాత్రి బడి

మన నెల్లూరు మెట్టలో మగపిల్లోడికి నేర్పని విద్య లేదు. కాళ్ళు నేలకి అందకముందే మోటారు సైకిల్ నేర్పుతాం. మీసం రాకముందే ట్రాక్టరు నేర్పుతాం. పది పాసైన మర్నాడే పరుపు చుట్ట, స్టీలు బకెట్టుతో సహా తీసుకెళ్ళి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో దించి, తెల్లవారుజాము నుంచి నడిరాత్రి దాకా ఎంపీసీ నేర్పిస్తాం. ఎన్నికలొస్తే జెండా పట్టడం, ఫ్లెక్సీలో పెద్దాయన పక్కన తన ఫొటో ఎంత సైజులో పడాలో తేల్చుకోవడం వాడే నేర్చుకుంటాడు. డీసీపల్లి వేలం కేంద్రంలో పొగాకు బేలు చూసి గ్రేడు చెప్పగలడు. ఇన్ని వచ్చినవాడికి ఒక్కటి మాత్రం రాదు. ఎదురుగా ఒక ఆడపిల్ల కూర్చుంటే పది నిమిషాలు మనిషి మాదిరి మాట్లాడటం రాదు.

పాతికేళ్ళ దాకా ఈ రాకపోవడాన్నే సుగుణం అన్నాం. "మావోడు తలెత్తి ఆడపిల్ల మొహం చూడడబ్బా" అని వాడి తల్లి వీధి అరుగుల మీద చెప్పుకుని మురిసింది. ముప్పై దాటేసరికి అదే సుగుణం జబ్బయింది. "ఏందోమ్మా, మావోడు ఎవురితోనూ మాట్లాడడు, ఎట్టా పెండ్లయ్యేది" అని అదే తల్లి అదే అరుగుల మీద కళ్ళు తుడుచుకుంటోంది. అబ్బోడు మాత్రం ఏమీ మారలేదు. అప్పుడు చూడమన్న నేలనే ఇప్పుడూ చూస్తున్నాడు.

ఈ సరుకు తయారయ్యే పద్ధతి గమనించండి. బళ్ళో మగపిల్లలు ఒక పక్క, ఆడపిల్లలు ఇంకో పక్క. అల్లరి చేసినవాడికి అయ్యవారు వేసే అన్నింటికన్నా పెద్ద శిక్ష, తీసుకెళ్ళి ఆడపిల్లల బెంచీలో కూర్చోబెట్టడం. ఏడో తరగతిలో నేర్చుకున్న లెక్కలన్నీ మరిచిపోయినా ఈ పాఠం మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది: ఆడపిల్ల పక్కన కూర్చోవడం అంటే పరువు పోవడం. ఇంటర్‌కొచ్చేసరికి బెంచీలతో పని లేదు, క్యాంపస్‌లే వేరు. ఒకే క్లాసులో ఉన్నా పెన్ను అడిగితే ఇంటికి ఫోను. ఊళ్ళో పరిస్థితి ఇంకా ఘనం. ఆత్మకూరు బస్టాండులో మన అబ్బోడు ఒక అమ్మాయిని "ఉదయగిరి బస్సు పోయిందా?" అని అడిగాడనుకోండి. ఆ బస్సు ఉదయగిరి చేరేలోపే వార్త ఇంటికి చేరుతుంది. దార్లో ఒక్కో ఊరు దాటేకొద్దీ అందులో బస్సు పోతుంది, పెళ్ళి వచ్చి చేరుతుంది. ఇంటిముందు దిగేసరికి నాన్న నిలబడి ఉంటాడు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎవురి పిల్లరా ఆ పిల్ల?" ఎవరి పిల్ల అంటే ఏ కులం అని. పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఒకప్పుడు ఈ లోపం బయటపడేది కాదు, ఎందుకంటే మేనమామ ఉండేవాడు. ఉయ్యాల్లో ఉండగానే మాట అనేసుకునేవాళ్ళు. మరదలితో మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు, చిన్నప్పుడు ఆమె జడ ఒకసారి లాగి ఉంటే పరిచయం అయిపోయినట్టే. ఇదేదో తాతల నాటి ముచ్చట అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్పేదాన్ని బట్టి మన రాష్ట్రంలో ఇప్పటికీ నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి దాకా దగ్గరి చుట్టాల మధ్యే జరుగుతోంది. అయితే మెట్టలో మరదళ్ళు మారిపోయారు. బీటెక్ చదివి బెంగళూరు చేరారు. "బావంటే నాకు అన్న లెక్క" అని ఫోన్లో నాలుగు మాటల్లో తేల్చేశారు. చరిత్రలో మొదటిసారిగా మన అబ్బోడు ముక్కూమొహం తెలియని ఆడమనిషి ముందు కూర్చుని తనెవరో తనే చెప్పుకోవాల్సి వచ్చింది. వాడికా, తనెవరో తనకే తెలియదు. ఎప్పుడూ నాన్నే చెప్పేవాడు.

పైగా "పిల్లలు దొరకడం లేదండీ" అని ఒక ఏడుపు. ఎక్కడి నుంచి దొరుకుతారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి 2001 జనాభా లెక్కల్లో 961 మంది ఆడపిల్లలు ఉండేవారు. 2011కి ఆ సంఖ్య 940 దగ్గరికి జారింది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం చేసినా జారింది. ఆ 2011 పసిపిల్లల్లో పెద్దవాళ్ళు ఇప్పుడిప్పుడే పెళ్ళీడుకొస్తున్నారు. కొడుకు కావాలని కోరుకుని, మొక్కుకుని, అవసరమైతే స్కానింగ్‌లో తొంగి చూసి తెచ్చుకున్న కొడుకులకి, వద్దనుకున్న కూతుళ్ళ లోంచి పెళ్ళికూతుర్ని వెతుకుతున్నాం. పుట్టనివ్వని పిల్ల పీటల మీదికి రాదు. ఇంకో చిత్రం కూడా ఉంది. సేద్యం చేసే అబ్బోడికి పిల్లనివ్వనని మొదట చెప్పేవాడు సేద్యం చేసే మామే.

సరే, వెతగ్గా వెతగ్గా ఒక సంబంధం కుదిరి పెళ్ళిచూపుల దాకా వచ్చిందనుకోండి. ఆత్మకూరులో ఇల్లు. హాల్లో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, టీపాయ్ మీద మలై కాజాలు, మిక్చరు. ఈ తతంగం మెట్ట రైతుకి కొత్తేమీ కాదు, కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలాల్లో ఏటా చూసేదే. బేళ్ళు వరసలో పెడతారు, కొనేవాళ్ళు నడుచుకుంటూ వచ్చి ఒక ఆకు లాగి, నలిపి, వాసన చూసి ధర చెప్తారు. నచ్చకపోతే నోబిడ్. ఇన్ని తరాలూ బేలు స్థానంలో అమ్మాయి ఉంది. పాడించారు, నడిపించారు, జడ విప్పి చూశారు. ఇప్పుడు అబ్బోడి వంతు వచ్చింది. ప్యాకేజీ ఎంత, బెంగళూరా హైదరాబాదా, ఎకరాలెన్ని, బోర్లో నీళ్ళున్నాయా, అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయా. ప్రశ్నలన్నీ అమ్మాయి మేనమామ వేస్తాడు, జవాబులన్నీ అబ్బోడి నాన్న చెప్తాడు. మధ్యలో అబ్బోడు కాజా కొరికితే సిరప్పు చొక్కా మీద పడుతుందేమోనని ముట్టుకోకుండా కూర్చుంటాడు.

అప్పుడు పెద్దలు పెద్దమనసు చేసుకుంటారు. "ఈ కాలం పద్ధతి కదా, పిలకాయలిద్దరూ కాసేపు మాట్లాడుకోనీండి" అని మిద్దె మీదికి పంపుతారు. వెనకాలే ఆరేళ్ళ మేనకోడల్ని కాపలా తోలుతారు. ముప్పై ఏళ్ళు నోరు మూయించి, మిగతా నలభై ఏళ్ళ కాపురాన్ని తేల్చుకోమని ఇచ్చే గడువు పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఇట్టా గడుస్తాయి.

"ఏ గ్రూపు?" అన్నాడు అబ్బోడు.

"బీటెక్ అయిపోయి నాలుగేళ్ళయింది."

"అది కాదు, ఇంటర్లో."

"ఎంపీసీ."

"ఎన్ని మార్కులొచ్చినాయి?"

"తొమ్మిదొందల అరవై."

"నాకు తొమ్మిదొందల నలభై."

తర్వాత మౌనం. పైన నీళ్ళ ట్యాంకు నిండి కారుతోంది. "మోటారు ఆపినట్టు లేరు" అన్నాడు. ఆ పది నిమిషాల్లో వాడు సొంతంగా అన్న మాట అదొక్కటే.

ఇక ఆ అమ్మాయే మొదలుపెట్టింది. "పెళ్ళయ్యాక కూడా నేను ఉద్యోగం చేస్తాను. మీకేమన్నా ఇబ్బందా?"

"అమ్మనడగాల."

"మీకు వంట వచ్చా?"

"అమ్మ చేస్తాది."

"తీరిక దొరికితే ఏం చేస్తారు? సినిమాలో, పుస్తకాలో, ఏదన్నా ఇష్టమా?"

"ఏదైనా పర్లేదు."

"నన్నేమన్నా అడగాలా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. "మా అమ్మ మీకు నచ్చిందా?" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆ అమ్మే తీర్పు చెప్పింది: "పిల్ల బాగానే ఉండాది గానీ నోరెక్కువబ్బా. ఎన్ని ప్రశ్నలడిగిందో చూడు." అవతలింట్లో కూడా ఒక తీర్పు వెలువడింది. నోబిడ్.

ఆ అమ్మాయి ప్రశ్నలు అడగడం ఎందుకంత తప్పయిందో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. 2011-12లో దేశమంతా చేసిన మానవాభివృద్ధి సర్వేలో, నా భర్తని నేనే ఎంచుకున్నానని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 5 మంది. మిగతావాళ్ళలో చాలామంది పెళ్ళికొడుకు మొహం పెళ్ళిరోజే చూశారు. అంటే మన అబ్బోడి తల్లి తరం ప్రశ్నే అడగలేదు. వాళ్ళని కూడా ఎవరూ అడగలేదు. ప్రశ్న అడిగే ఆడపిల్ల ఇంటికి రావడం ఆ కొంపలో ఇదే మొదలు.

నోబిడ్ అయిన అబ్బోడు విద్య కోసం బయల్దేరతాడు. గురువులకేం కొదవ లేదు.

మొదటి గురువు సినిమా. ఈయన సిద్ధాంతం ముట్టడి. అమ్మాయి వద్దంటే ఇంకా గట్టిగా వెంటపడు. బస్టాపులో, కాలేజీ గేటు దగ్గర, గుళ్ళో, ఇంటి ముందు కాపు కాయి. ఇంటర్వెల్‌కల్లా తిడుతుంది, క్లైమాక్స్‌కల్లా ఏడ్చి వాటేసుకుంటుంది. 2004లో వచ్చిన 'ఆర్య'లో హీరో, ఆమె ఇంకొకడితో ఉన్నా వదలడు, దాన్నే ప్రేమ అన్నాం. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి'లో హీరో క్లాసులోకి వచ్చి ఈ అమ్మాయి నాది అని చాటింపు వేస్తాడు, దాన్నే మగతనం అన్నాం. ఆమెని అడగాలన్న ఊహ దర్శకుడికి రాలేదు, హీరోకి రాలేదు, టికెట్టు కొన్న మన అబ్బోడికి ఎక్కడి నుంచి వస్తుంది?

ముట్టడి విద్య మీద అంత గురి ఉన్నవాడు సినిమా హాలుకి పోవడం ఎందుకు, తల పైకెత్తితే ఉదయగిరి కొండ కనపడుతుంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టాడు. సైన్యం ఎక్కడానికి బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసువాడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ తర్వాత కళింగం దాకా పోయి, సంధిలో భాగంగా గజపతి కూతుర్ని కూడా పెళ్ళాడాడు. ఇంతవరకూ మనవాళ్ళందరికీ తెలుసు, ఛాతీ పొంగించుకుని చెప్తారు. మిగిలిన కథ చెప్పరు. ఆ రాజకుమారికీ రాయలకీ పొసగలేదని, కొండలకి అవతల కంభంలో ఒంటరిగా కాలం గడిపిందని, తన బాధని ఐదు సంస్కృత శ్లోకాలుగా చెప్పుకుందని జనం చెప్పుకునే ఐతిహ్యం. కోట ఏడాదిన్నరలో లొంగింది, మనిషి లొంగలేదు. బండలు పగలగొట్టించిన చక్రవర్తికే కుదరని పని, బుల్లెట్టు బండి సైలెన్సర్ పీకేసి ఆమె వీధిలో పదిసార్లు తిరిగితే మన అబ్బోడికి కుదురుతుందా?

కుదరకపోగా కేసవుతుంది. ఇష్టం లేదని చెప్పిన ఆడమనిషి వెంట మళ్ళీ మళ్ళీ పడటం, ఫోన్లోనూ ఇంటర్నెట్లోనూ ఆమె ఏం చేస్తోందో కాపు కాయడం 2013 నుంచి ఈ దేశంలో నేరం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ళ దాకా, రెండోసారి ఐదేళ్ళ దాకా జైలు. క్లైమాక్స్‌లో హీరోయిన్ రాదు, కానిస్టేబుల్ వస్తాడు.

రెండో గురువు టీ అంగడి దగ్గర ఉంటాడు. వయసు ముప్పై నాలుగు, పెళ్ళి కాలేదు, ప్రేమ విషయాల్లో సలహాదారు. "అమ్మాయిలకి మాటలు పనికిరావురా, డబ్బు చూపించాల" అంటాడు, ఇద్దరి టీ డబ్బులూ మన అబ్బోడి చేత కట్టించి.

మూడో గురువు ఫోన్లో ఉంటాడు. నల్లద్దాలు, అద్దె కారు, వెనకాల గోడకి ఆనించిన గిటారు. అమ్మాయిని మూడు రోజుల్లో పడెయ్యడం ఎలాగో చెప్తాడు. "ఆమె మెసేజి పెడితే మూడు గంటలు జవాబివ్వకండి, మీ విలువ పెరుగుతుంది" అని ఉపదేశం. మన అబ్బోడికి మెసేజి పెట్టే ఆడమనిషి ఎవరూ లేరు, రీచార్జి అయిపోయిందని కంపెనీ పెట్టడం తప్ప. దానికి మూడు గంటలు ఆగి జవాబిస్తే ఏం విలువ పెరుగుతుందో ఆ గిటారుకే తెలియాలి. ఇక మనవాడు సొంతంగా పెట్టే మెసేజిల క్రమం చూడండి. రాత్రి పదింటికి "హాయ్". పదీ ఐదుకి "తిన్నావా". పదీ పదికి "ఏం చేస్తున్నావ్". పదిన్నరకి ప్రశ్నార్థకాలు, వరసగా ఆరు. పదకొండుకి "ఏందంత పొగరు". పన్నెండుకి "సారీ". పొద్దున ఆరింటికి గులాబీ పువ్వు, శుభోదయం. ఆ అమ్మాయి ఈ మధ్యలో నిద్రపోయింది, అంతే. ఆమె ప్రమేయం లేకుండానే ఒక ప్రేమ పుట్టి, అలిగి, తిట్టి, క్షమాపణ చెప్పి, మళ్ళీ పుట్టింది.

నాలుగో గురువు బస్సు సీటు వెనకాల అంటించి ఉంటాడు. వశీకరణం, కోరిన స్త్రీ మీ వశం, ఇరవై నాలుగు గంటల్లో ఫలితం, ఫీజు పని జరిగాకే. ఫోను చేస్తే ముందు పూజ సామాను ఖర్చు పంపమంటాడు. సామాను డబ్బులు వశమవుతాయి, స్వామి నంబరు మాయమవుతుంది.

ఐదో గురువు యాప్. పెళ్ళి యాప్‌లో వివరాలు నాన్న రాస్తాడు: "మా అబ్బాయికి ఏ అలవాట్లూ లేవు." నిజమే, మాట్లాడే అలవాటు కూడా లేదు. డేటింగ్ యాప్ అయితే ఇంకో తమాషా. చుట్టుపక్కల నలభై కిలోమీటర్లలో ఎవరున్నారో చూపించమని ఉదయగిరిలో కూర్చుని నొక్కితే, ముందు వరసకి చెల్లెలయ్యే అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయికి వీడు కనపడతాడు. సాయంత్రానికి పెద్దమ్మకి తెలుస్తుంది.

ఒకవేళ ఇన్ని గండాలూ దాటి ఇద్దరు మనుషులు మాట్లాడుకుందామనుకున్నా, కూర్చునే చోటేది? సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్ళు పట్టే చోటు కట్టుకున్నాం. ఆత్మకూరులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పక్కపక్కన కూర్చుని ఒక కాఫీ తాగే చోటు మాత్రం మన ఆలోచనలోనే లేదు. టీ అంగడి మగాళ్ళది. గుడి పెద్దలది. జిరాక్సు షాపు చిన్నాన్నది. మిగిలింది ఉదయగిరి దుర్గం, మూడు వేల అడుగుల పైచిలుకు. ఎక్కేసరికి ఇద్దరికీ మాట్లాడే ఊపిరి ఉండదు.

ఈ మాట అనగానే సంస్కృతి పరిరక్షకులు లేస్తారు. ఆడామగా ముందుగా మాట్లాడుకోవడం మన పద్ధతి కాదంటారు. అయ్యా, ఒక్కసారి రాపూరు దాటి పెంచలకోన పోయి రండి. అక్కడి నరసింహస్వామి అడవిలో చెంచుల పిల్లని చూసి, మనసుపడి పెళ్ళాడాడు. జాతకాలు చూసిన దాఖలా లేదు, కులం అడిగిన దాఖలా లేదు, మేనమామ మధ్యవర్తిత్వం అసలే లేదు. ఆ పెళ్ళికి ఆదిలక్ష్మి అలిగి విడిగా వెళ్ళి వెలిసిందని స్థలపురాణం, ఆమె గుడి ఆమెకి వేరే ఉంది. అంటే భార్యకి కోపం వచ్చే హక్కుని కూడా మన పూర్వులు గుడి కట్టి గౌరవించారు. ఏటా వైశాఖంలో ఈ కులాంతర ప్రేమ వివాహానికి తలంబ్రాలు పోయించి, పానకం తాగి, కళ్ళకద్దుకుని ఇంటికొచ్చి, కూతురు ఫోన్లో ఎవరితోనో నవ్వుతోందని చెంప పగలగొట్టే భక్తులు మనం. దేవుడికి ఒప్పుకున్నది కూతురికి ఎందుకు ఒప్పుకోమో ఏ పరిరక్షకుడూ చెప్పడు.

సరే, తిట్టింది చాలు, మందు చెప్పమంటారా? మందు మెట్టలోనే పుట్టింది, మరిచిపోయాం.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలిగిరి దగ్గర దూబగుంటలో, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట బడికి వచ్చి కూర్చున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, ఊరి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించిన కథ. చదివినవాళ్ళు ఊరుకోలేదు, లేచి వెళ్ళి తమ ఊళ్ళో సారా ఆపారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకి, జిల్లాలో సారా పాటలే జరగనివ్వకుండా చేసి, చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చిపెట్టారు. ఓనమాలు దిద్దిన చేతులు ప్రభుత్వాన్నే దిద్దాయి. అప్పుడు మెట్ట ఆడవాళ్ళు మాట నేర్చుకున్నారు. మగాళ్ళు ఆ రాత్రుళ్ళు సారా అంగట్లో ఉన్నందున ఆ పాఠం వాళ్ళకి తప్పిపోయింది. ఇప్పుడు మిద్దె మీద ప్రశ్నలడుగుతున్నది ఆ బడిలో కూర్చున్నవాళ్ళ మనవరాళ్ళు. నీళ్ళు నములుతున్నది ఆ అంగట్లో కూర్చున్నవాళ్ళ మనవళ్ళు.

కాబట్టి తప్పిపోయిన క్లాసు ఇప్పుడు పెట్టాలి. ఉదయగిరిలో ఒక రాత్రి బడి, ఆత్మకూరులో ఒక రాత్రి బడి, మగపిల్లలకి మాత్రమే. పేరు ప్రభుత్వమే పెట్టుకుంటుంది, పథకాలకి పేర్లు పెట్టడంలో వాళ్ళకి మనం నేర్పాల్సిందేమీ లేదు. టీచర్లుగా అప్పటి రాత్రి బడి అవ్వల్ని పెట్టండి, సారా బండ్లని వెనక్కి తిప్పినవాళ్ళకి ఈ పిలకాయలొక లెక్కా?

మొదటి వారం పాఠం, ప్రశ్న అడిగి జవాబు వినడం. ప్రాక్టికల్స్ ఉదయగిరిలోనే. భౌగోళిక గుర్తింపు పొందిన మన చెక్క గరిటెలు చేసే ఇళ్ళకి పోవాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. ఒక గరిటె కొని, ఇది ఏ చెట్టు చెక్కమ్మా, తొలవడానికి ఎంతసేపు పడుతుంది, నీకెవరు నేర్పారు అని అడగాలి. ఆమె నర్ది చెక్క గురించి చెప్తుంటే ఆమె మొహం చూస్తూ వినాలి. మధ్యలో ఫోను తీస్తే సున్నా. తన ప్యాకేజీ ఎత్తితే బడి నుంచి గెంటివేత.

రెండో వారం, పెళ్ళితో సంబంధం లేని ఆడవాళ్ళతో మాట్లాడటం. కండక్టరమ్మ, ఆశా కార్యకర్త, సచివాలయంలో అమ్మాయి, బ్యాంకులో క్యాషియరు. వీళ్ళెవరూ పెళ్ళికూతుళ్ళు కారు, వీళ్ళకి మీరు పెళ్ళికొడుకులు కారు. పని మాట్లాడి, థ్యాంక్సండీ అని చెప్పి రావాలి. ఆమె తిరిగి నవ్వితే అది మర్యాద. దాన్ని ప్రేమగా లెక్క వేసుకుని స్నేహితుడికి ఫోను చేసినవాడు మొదటి వారం మళ్ళీ చదవాలి.

మూడో వారం వంట. అన్నం, చారు, చేపల పులుసు. ఉప్పు ఎంతో అమ్మకి ఫోను చేసి అడగరాదు. వండిన గిన్నె కడిగినవాడికే మార్కులు.

నాలుగో వారం, తనేమిటో తను చెప్పుకోవడం. ఒక పేజీ రాయాలి. అందులో అమ్మ, నాన్న, ఎకరాలు, మార్కులు అన్న మాటలు రాకూడదు. మొదటి బ్యాచ్‌లో చాలామంది తెల్ల కాగితం ఇస్తారు. తిట్టకండి. వాళ్ళ చేత ఎవరూ ఎప్పుడూ రాయించలేదు. ఏదైనా పర్లేదు అని రాసినవాడి చేత మాత్రం ఆ కాగితం అక్కడే నమిలించాలి.

ఐదో వారం పాఠం ఒక్కటే, వద్దు అన్న మాట వినడం. అవ్వ ఎదురుగా నిలబడి "నాకు ఇష్టం లేదు నాయనా" అంటుంది. పిల్లోడు "సరే, చెప్పినందుకు మంచిది" అని చెప్పులేసుకుని ఇంటికి పోయి, అన్నం తిని పడుకోవాలి. మర్నాడు ఆమె వీధిలో తిరగకూడదు, స్టేటస్‌లో ఏడుపు పాట పెట్టకూడదు, స్నేహితుల్ని రాయబారం పంపకూడదు, చెయ్యి కోసుకోకూడదు. చూడటానికి ఇది చిన్న పాఠంలా ఉంటుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మొహాన యాసిడ్ పోసినవాళ్ళకి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. మిగతా నాలుగు వారాలూ ఫెయిలైనవాడిని పాస్ చేయొచ్చు. ఇందులో ఫెయిలైనవాడిని ఏ ఆడపిల్ల ఛాయలకీ రానివ్వకూడదు.

పిల్లోళ్ళకి ఐదు వారాలు చాలు. తల్లిదండ్రులకి మాత్రం కనీసం ఆరు నెలలు పెట్టాలి, వాళ్ళ సిలబస్సు బరువు. కొడుకుని అడిగిన ప్రశ్నకి నాన్న జవాబు చెప్పకుండా అరగంట కూర్చోగలగాలి. కాబోయే కోడలితో అమ్మ బంగారం ఊసెత్తకుండా ఒక కప్పు కాఫీ తాగగలగాలి. బస్టాండులో కూతురు ఒక అబ్బాయితో మాట్లాడిందని ఎవరన్నా మోసుకొస్తే, "మాట్లాడితే ఏం?" అని మోసుకొచ్చినవాడినే అడగగలగాలి. ఈ చివరి పేపరులో ఉత్తీర్ణులైతే మిగతా బడులన్నీ మూసేసుకోవచ్చు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు.

ప్రభుత్వం బడి పెట్టేదాకా ఆగే పని లేదు. ఓ అబ్బోడా, ఈ రాత్రి అన్నాల దగ్గర ఫోను పక్కన పెట్టి మీ అమ్మని ఒక్క ప్రశ్న అడుగు: "అమ్మా, పెండ్లికి ముందు నీకిష్టమా కాదా అని నిన్నెవురన్నా అడిగినారా?" ఆమె ముందు నవ్వుతుంది, మాట మార్చి ఇంకాస్త కూర వెయ్యమంటావా అంటుంది. మళ్ళీ అడుగు. ఆమె చెప్పడం మొదలుపెట్టాక, మీ నాన్న దగ్గినా, టీవీలో ఏదొస్తున్నా, కదలకుండా చివరిదాకా విను. అంత వినగలిగినవాడు సంబంధం చూడటానికి పోవచ్చు. వినలేనివాడికి పిల్లని వెతకడం ఆపండి, ఆ పిల్ల ఎవరైనా సరే, ఆమె చేసిన నేరం ఏమీ లేదు.